ఏడో ఇల్లు, నాలుగో వ్యక్తి

"మొగుడి కంచం కాటా మీద పెట్టే ఆడదాన్ని నా జన్మలో చూడలేదమ్మా" అని మా అత్తగారు అన్నప్పుడు, నేను కంచం బరువు తీసివేసి కూర బరువు రాసుకుంటున్నాను. నూట తొంభై గ్రాములు. క్యారెట్టు, బీన్స్, బఠాణీలు, మొక్కజొన్న గింజలు కలిపి వండిన కూర.

"ఆఫీసు పని అత్తయ్యా. కొన్ని వారాలే."

"తూచి పెడితే ఆ తిండి ఒంటికేం పడుతుంది?"

మావారు నవ్వారు. "పోనీలే అమ్మా. దాని ఉద్యోగమే కూరగాయల్ని కాల్చి బూడిద చెయ్యడం. అక్కడ జీతం తీసుకుని కాలుస్తుంది, ఇక్కడ ఊరికే మాడుస్తుంది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు కూడా నా ఇంటి పనుల్లో ఒకటి.

బూడిద మాట నిజమే. ఆహార పదార్థాలను పరీక్షించే ప్రయోగశాలలో పదిహేడేళ్లుగా నా పని అదే. ఆకును ఎండబెట్టి, కొలిమిలో కాల్చి, మిగిలిన బూడిదలో కాల్షియమెంత, ఇనుమెంత అని తేల్చడం. ఆ ఏడాది మాకు అప్పగించిన పని కలగలుపు కూరగాయలకూ, చైనా క్యాబేజీకీ పోషక విలువల్లో ఉన్న తేడాను నిర్ణయించడం. అంకెలు ప్రయోగశాలలో తొందరగానే తేలిపోయాయి. పీచు, మాంసకృత్తులు కలగలుపులో ఎక్కువ. కాల్షియం, సి విటమిన్ క్యాబేజీలో ఎక్కువ. అయితే గాజుపాత్రలో ఉన్న పోషణ మనిషి నోటిదాకా ఎంత చేరుతున్నదో కూడా చూడాలని మా అధికారి సంకల్పించారు. ప్రతి అంకెకూ చుక్క తరువాత రెండు స్థానాలు అడిగే ఆయనను మేము చాటుగా దశాంశం గారని పిలుచుకుంటాము. ఆయన ఇరవై ఇళ్లను ఎంచి, ఇంటికొక కాటా ఇచ్చారు. మొదటి వారం కలగలుపు, రెండో వారం క్యాబేజీ, ఫలితాలు చూశాక మరొక విడత. ఎవరి కంచంలో ఎంత పడింది, ఎంత మిగిలింది, అంతా రాయాలి. పేర్లుండవు. ఇంటికొక సంఖ్య, వడ్డించిన వరుసలో మనిషికొక సంఖ్య. మా ఇల్లు ఏడోది. ఒకటి మావారు, రెండు అత్తగారు, మూడు పదిహేనేళ్ల నా కూతురు, నాలుగు నేను.

మొదటి వారమంతా నా గడి ఎలా నింపాలో తెలియలేదు. మిగతా ముగ్గురికీ కంచాలున్నాయి. నాకు కూర వండిన గిన్నె ఉంది. మావారికి బీన్స్ పడవు. ఒక్కొక్క ముక్కనూ ఏరి కంచం అంచుకు నెట్టేస్తారు. వాటిని ఆయన "మిగిల్చినది" అన్న గడిలో వేసి, తిరిగి నా "తిన్నది" అన్న గడిలో వేశాను. గిన్నె అడుగున గరిటకు అంటినది ఐదు గ్రాములు. ఉప్పు చూడటానికి నాలుక మీద వేసుకున్నది రెండు గ్రాములు. అదీ రాశాను. కొలతలో అబద్ధమాడటం నాకు చేతకాదు. దేవుడి ముందు చేతులు జోడించేటప్పుడు ఉండే భయమే కాటా ముందు నిలబడినప్పుడూ నాకుంటుంది.

అందరికీ పెట్టి, మిగిలినది తినేవారు పుణ్యాత్ములని చిన్ననాడు మా తాతగారు పద్యం చెప్పి అర్థం వివరించేవారు. మా ఇంట్లో ఆ పుణ్యాన్ని నా ఒక్కదానికే ఎవరు కేటాయించారో, మిగలని నాడు ఏమి తినాలో ఆ పద్యంలో ఉన్నట్టు గుర్తులేదు.

రెండో వారం క్యాబేజీ వచ్చింది. అందులో నూటికి తొంభై అయిదు పాళ్లు నీళ్లే. బాణలి నిండా తరిగిన ఆకు పొయ్యి మీద పెట్టిన కాసేపటికి గుప్పెడవుతుంది. పైన ఉండే ముదురు పచ్చ ఆకులను అత్తగారు మొదటిరోజే విడదీసి, "ఇవి ముదురు, అబ్బాయికి అరగవు. నువ్వు తినెయ్యి" అన్నారు. నాకు ఆ రెండు రోజులు పండగే. అంకెలు తెలిసినదాన్ని కదా, నా వంతుకు పడినదేమిటో నాకు తెలుసు. మూడోనాడు మావారు, "ఈ గడ్డిలో ఏముందని దీనిమీద పరిశోధనలు?" అని వెక్కిరించారు. పదిహేడేళ్ల చదువు నాలుక చివరకు వచ్చి నిలబడింది. పట్టలేకపోయాను. "లోపలి తెల్ల ఆకులకన్నా పై పచ్చ ఆకుల్లోనే సత్తువ ఎక్కువండీ. కాల్షియం అక్కడే ఉంటుంది" అన్నాను. అది నా విద్య. ఆ ఇంట్లో ఎవరూ అడగని నా విద్యను ఒక్కసారి ప్రదర్శించుకోవాలన్న చపలత్వం.

"అలాగా?" అన్నారు అత్తగారు. మర్నాటి నుంచి పచ్చ ఆకులు మావారి కంచంలోకి వెళ్లాయి. "మరి చెప్పవేం ఇన్నాళ్లూ? బలమైనదంతా నువ్వే తింటున్నావన్నమాట" అని మావారు చమత్కరించారు. నా వంతుకు క్యాబేజీ మొదలులో ఉండే గట్టి ముక్క మిగిలింది. దాన్ని నమిలాను. ఆఖరి మూడు రోజులు అదీ మిగలలేదు. మా ప్రయోగశాలలో సున్నకూ ఖాళీకీ తేడా ఉంది. ఖాళీ అంటే కొలవలేదని. సున్న అంటే కొలిచినా ఏమీ లేదని. నేను మూడుసార్లు సున్న రాశాను.

వారం చివర ఇరవై ఇళ్ల కాగితాలనూ కంప్యూటరులోకి ఎక్కించే పనీ నాదే. ఏడో ఇంటి దగ్గరకు వచ్చేసరికి నా చెయ్యి ఆగింది. ఆగినది నా అంకె చూసి కాదు, మూడో వ్యక్తి వరుస చూసి. క్యాబేజీ వారం చివరి ఐదు రోజులవి: నూట పద్దెనిమిది, నూట రెండు, ఎనభై ఏడు, అరవై నాలుగు, నలభై ఒకటి. మావారు "ఇంకొంచెం వెయ్యి" అన్నప్పుడల్లా గిన్నె ఖాళీగా ఉండటం చూసి, "నాది తీసుకో నాన్నా, నాకు ఆకలి లేదు" అంటూ నా కూతురు తన కంచం జరపడం నాకు గుర్తుకు వచ్చింది. "ఎంత మంచి పిల్లో చూడు" అని అత్తగారు మురిసిపోయిన మాట కూడా. ఆ మాట పాతికేళ్ల క్రితం నన్ను చూసి మా అమ్మ అన్నదే. పిల్లకు ఆకలి లేకపోవడమేమిటి? బడి నుంచి వచ్చి రెండు గంటలపాటు ఆటస్థలంలో పరుగెత్తే పిల్ల. మూడో వ్యక్తి అంకె రోజుకొక మెట్టు దిగుతూ నాలుగో వ్యక్తి దగ్గరకు నడిచి వస్తున్నది. దారి చూపినది నేనే. నోటితో ఒక్క మాటా చెప్పకుండా, ప్రతి పూటా చేసి చూపించాను.

సోమవారం దశాంశం గారు నన్ను పిలిచారు. బల్ల మీద ఏడో ఇంటి పట్టిక ఉంది. నాలుగో వరుస చుట్టూ ఎర్రసిరా గీత ఉంది.

"ఇదేంటమ్మా? ఎవరిదీ ఇల్లు? కలగలుపు వారం సగటు పదిహేడు గ్రాములు, క్యాబేజీ వారం పదహారు. పదిహేడు గ్రాములంటే రుచి చూసినట్టు. తిన్నట్టు కాదు. పైగా వరసగా మూడు సున్నలు."

"అవునండీ."

"నాలుగో వ్యక్తి ఎవరు, పసిపిల్లా?"

"కాదండీ."

"మంచంలో ఉన్న పెద్దావిడా?"

"కాదండీ."

"మరి ఇది తప్పే. ఎవరో నిర్లక్ష్యంగా నింపేశారు. పెద్ద మనిషి ఇలా తిని రోజూ పనెలా చేస్తుంది? ఆ వరస కొట్టెయ్యండి. మిగతావాళ్ల అంకెలు బావున్నాయి."

నిర్లక్ష్యం. పదిహేడేళ్లలో నా కొలతను ఎవరూ ఆ మాట అనలేదు. మావారి హాస్యాలు, అత్తగారి దెప్పిపొడుపులు చర్మం మీదనే ఆగిపోయేవి. ఈ మాట లోపలికి దిగింది. నేను ఆకలితో ఉన్నానని ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ ఆకలిని కొలిచి, రాసి, తెచ్చి బల్ల మీద పెడితే, అది అసంభవమని శాస్త్రం చెబుతున్నది. ఆయన మంచివారే. నాకు ఎర్రకలం అందించారు.

కలం తీసుకున్నాను. వరుస కొట్టలేదు. చివర "గమనిక" అన్న గడిలో రాశాను: "నాలుగో వ్యక్తి ఈ పట్టిక నింపిన మనిషి. కొలతలు సరిగానే ఉన్నాయి. ఈ వ్యక్తి విషయంలో రెండు కూరలకూ చెప్పుకోదగిన తేడా కనబడలేదు." కింద సంతకం చేశాను.

ఆయన చదివారు. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. "మీరు... ముందే చెప్పాల్సింది కదమ్మా" అన్నారు. ఎవరికి చెప్పాలో ఆయనా చెప్పలేదు.

ఆ సాయంత్రం రెండో విడత మొదలు. మళ్లీ క్యాబేజీయే. వండి, నాలుగు కంచాలు బల్ల మీద పరిచాను. ముదురు ఆకులు, లేత ఆకులు, మొదలు ముక్కలు, అన్నీ నాలుగు భాగాలు చేసి కాటా మీద పెట్టాను. నూట పది, నూట పది, నూట పది, నూట పది. గిన్నెను సింకులో వేసి, కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"నువ్వు కూర్చున్నావేంటి? వడ్డించేదెవరు?" అన్నారు మావారు.

"వడ్డించేశానండీ."

"ఆ పచ్చాకులు నీ కంచంలో ఉన్నాయేంటమ్మా? అబ్బాయివి కదా!" అన్నారు అత్తగారు.

"ఆయనవి ఆయన కంచంలోనే ఉన్నాయి అత్తయ్యా."

మావారి కంచం అందరికన్నా ముందు ఖాళీ అయింది. తలెత్తకుండా, అలవాటైన చోటికి, నా వైపు జరిపారు. "ఇంకొంచెం వెయ్యి."

నా కూతురు తన కంచం మీద చెయ్యి వేసింది. "నాది తీసుకో నాన్నా, నాకు..."

ఆ చేతి మీద నా చెయ్యి పెట్టాను. దాని వేళ్లు సన్నగా, చల్లగా ఉన్నాయి. అలాగే పట్టుకుని ఆయన వైపు చూశాను.

"అయిపోయింది" అన్నాను.

పంతొమ్మిదేళ్ల కాపురంలో ఆ మాటను గిన్నె గీకుతూ నాకు నేను చెప్పుకోవడమే కాని, ఎదుటి మనిషికి చెప్పడం అదే మొదటిసారి.