దుకాణం గోడ దాకా చేరిన మాట

విజయమ్మ బొటనవేలిని చింతపండుతో తోమి, కడిగి, కొంగుతో తుడుచుకొని మళ్లీ వేలిముద్ర మిషన్ మీద పెట్టింది. మిషన్ ఎర్రగా వెలిగి కీచుమంది. వెనక వరుసలోని ఆడవాళ్లు "ఎడమ చెయ్యి పెట్టు, నడిమి వేలు పెట్టు" అంటూ తలా ఒకటి చెప్పారు. పది వేళ్లూ అయిపోయాయి. పదిసార్లూ అదే కూత.

"నన్నేం జేయమంటవ్ అవ్వా? మిషన్ తీస్కుంటలేదు" అన్నాడు రేషన్ డీలర్ వెంకట్రాములు, తరువాతి కార్డు కోసం చెయ్యి చాస్తూ.

మనలో చాలామందికి వేలిముద్ర రెప్పపాటు పని. ముప్పై ఏళ్లు ఊరూరా తిరిగి కాలువలు తవ్వి, కంకర తట్టలు మోసిన పాలమూరు కూలీ వేళ్ల మీద మాత్రం గీతలు మిగలవు. విజయమ్మవీ అంతే, ఆమె భర్త మాసయ్యవీ అంతే. కార్డులో ఉన్నది ఆ ఇద్దరే. కన్ను చూసి గుర్తుపట్టే మిషన్ ఆ దుకాణంలో ఎప్పుడో చెడిపోయింది. మూడు నెలలుగా వాళ్లింటికి బియ్యం లేవు. వచ్చే నెలాఖరులోగా ముద్ర పడకుంటే కార్డులోంచి పేర్లు కూడా పోతాయని ఊళ్లో చాటింపు అయింది.

కొల్లాపూర్ వెళ్లే దారిలో ఉన్న ఆ ఊరి పేరు గుండ్లగడ్డ. దుకాణం ముందున్న వరుస రోడ్డు మీది దాకా రావడంతో అటుగా వెళ్తున్న ఒక కారు ఆగింది. అందులో ఉన్నది రాజ్యసభ సభ్యురాలు నవనీత. నాగర్‌కర్నూల్ కోర్టులో ఇరవై ఏళ్లు వకీలుగా పని చేసిన మనిషి. సభకు వెళ్లిన రెండేళ్లలో ఆమె మాట్లాడని బిల్లు లేదని పేరు. ఆ ప్రసంగాలన్నీ కలిపి వేసిన పుస్తకాన్ని ఆ రోజు కొల్లాపూర్ కాలేజీలో ఆవిష్కరించబోతున్నారు.

వరుసలోంచి వట్టి సంచితో బయటికి వస్తున్న విజయమ్మను చూసి నవనీత కారు దిగింది.

"ఏమైంది పెద్దమ్మా?"

విజయమ్మ రెండు అరచేతులూ చాపింది. నవనీత వాటిని పట్టుకొని చూసింది. వేళ్ల కొనలు నున్నగా, అరిగిన బండలా ఉన్నాయి.

నవనీతకు కోపంతో పాటు ధీమా కూడా వచ్చింది. ఈ సంగతి ఆమెకు కొత్త కాదు. పోయిన బడ్జెట్ సమావేశాల్లో సరిగ్గా దీని మీదే ప్రశ్న వేసింది. వేలిముద్ర పడని వాళ్లకు రిజిస్టర్లో రాసుకొని బియ్యం ఇవ్వాల్సిందేనని మంత్రి నిండు సభలో సమాధానం చెప్పాడు. ఆమె తన సహాయకుడు ఉదయ్ కిరణ్‌తో పుస్తకం తెప్పించి, ఆ పేజీ తీసి డీలర్ ముందు పెట్టింది.

వెంకట్రాములు చేతులు కట్టుకొని చదివాడు. "మంచిగనే ఉంది మేడం. గానీ గీ సంగతి మాకెవలు చెప్పిండ్రు? ఒక్క కాగితం రాలే. నేను సొంతంగ ఇస్తే రేపు తనిఖీల నా దుకాణం పోతది."

"ఇది మంత్రి చెప్పిన మాట."

"జర నన్ను చూడనియ్యి బిడ్డా" అని విజయమ్మ ఆ పుస్తకాన్ని అందుకుంది. ఆమెకు చదువు రాదు. అటూ ఇటూ తిప్పి చూసి, "గిందులో మా ముచ్చట రాసినవా?" అంది.

"రాసిన పెద్దమ్మా. ఢిల్లీల మాట్లాడిన కూడా."

"మరి గీ పుస్తకం మిషన్ మీద పెడ్తే బియ్యమొస్తయా?"

వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. విజయమ్మ ఎగతాళికి అనలేదు, నిజంగానే అడిగింది. అందుకే ఆ మాట నవనీతకు సూటిగా తగిలింది. పుస్తకాన్ని తిరిగి తీసుకొని కారెక్కింది.

అక్కడి నుంచి నేరుగా మండల కార్యాలయానికి వెళ్లింది. అధికారి మర్యాదగానే కూర్చోబెట్టాడు. "సభల జెప్పిన సమాధానం మాకు ఉత్తర్వు గాదు మేడం. పైనుంచి ఉత్తర్వు రావాలె. వస్తే ఆ పొద్దే అమలు చేస్తం" అన్నాడు. అతని మాటలో అబద్ధం లేదు. తప్పు తన దగ్గర కూడా ఉందని నవనీతకు అప్పుడు తోచింది. సమాధానం రాగానే పని అయిపోయిందనుకుంది. పత్రికల్లో వచ్చింది, పుస్తకంలోకి ఎక్కింది. ఆ మాట కిందికి దిగిందా లేదా అని ఒక్కనాడూ వెనక్కి తిరిగి చూడలేదు.

"కాలేజీకి ఫోన్ చెయ్యి. కార్యక్రమం ఇయ్యాల లేదని చెప్పు" అంది ఉదయ్ కిరణ్‌తో.

"అందరొచ్చి కూసున్నరు మేడం!"

"మాఫీ అడిగిన అని చెప్పు. మనం గుండ్లగడ్డకు పోతున్నం."

ఆ పూటా మరునాడూ విజయమ్మను వెంటబెట్టుకొని నవనీత గుండ్లగడ్డలోనూ పక్కనున్న రెండు ఊళ్లలోనూ గడప గడపకూ తిరిగింది. ఏ ఇంట్లో ఎవరి ముద్ర పడడం లేదో విజయమ్మకు తెలుసు. వాళ్లంతా ఆమెతో కలిసి మట్టి మోసినవాళ్లే. మూడు ఊళ్లకు డెబ్బై మూడు మంది తేలారు. పేరు, ఊరు, ఎన్ని నెలలుగా బియ్యం లేవు అన్నీ నవనీత తన చేత్తోనే రాసుకుంది.

మరుసటి నెలలో వానాకాలం సమావేశాల మొదటి వారంలోనే ఆహార భద్రతకు సంబంధించిన సవరణ బిల్లు రాజ్యసభలో చర్చకు వచ్చింది. ఆమె పార్టీకి దక్కిన సమయంలో నవనీత వంతు నాలుగు నిమిషాలు. సిబ్బంది రాసిచ్చిన ప్రసంగాన్ని బల్ల మీదే ఉంచి లేచింది.

"అధ్యక్షా, పోయినసారి ఈ సభలో నాకొక సమాధానం దొరికింది. సంతోషపడి అచ్చు వేయించుకున్నాను. ఆ సమాధానం మా జిల్లాలోని గుండ్లగడ్డ రేషన్ దుకాణానికి ఇంతవరకు చేరలేదు. నా దగ్గర డెబ్బై మూడు పేర్లున్నాయి. వీళ్లు తవ్విన కాలువల్లో నీళ్లు పారుతున్నాయి, వీళ్లు ఎత్తిన గోడల మధ్య మనం నివసిస్తున్నాం. ఆ పని చేసి వేళ్లు అరగదీసుకున్నారు. అరిగిన వేళ్లకు తిండి లేదంటున్నాం. మంత్రిగారు మళ్లీ నియమం చదివి వినిపించవద్దు. ఉత్తర్వు ఏ తేదీకి దుకాణం గోడ మీద ఉంటుందో చెప్పమనండి."

సమయం అయిపోయిందని గంట మోగింది. ఎదుటి వరుసల్లో ఒకరిద్దరు గొణిగారు. నవనీత కూర్చోలేదు. మొదటి పది పేర్లు పైకి చదివాకే కూర్చుంది. సభలో ఆ పేర్లు వినిపించినంత సేపూ ఎవరూ అడ్డు చెప్పలేదు.

సాయంత్రం బిల్లుపై బదులిస్తూ మంత్రి ఆ ప్రస్తావన తెచ్చాడు. ముద్ర పడలేదన్న కారణంతో ఒక్క పేరూ తొలగించబోమని, ఇరవై రోజుల్లో ఆయా రాష్ట్రాల భాషల్లో ఉత్తర్వు ప్రతి దుకాణానికీ వెళ్తుందని హామీ ఇచ్చాడు. ఈసారి నవనీత ఆ హామీ దగ్గర ఆగలేదు. సభలో మంత్రులిచ్చిన మాటలు నెరవేరాయో లేదో చూసే కమిటీకి మరునాడే లేఖ రాసింది. వారం వారం మండల కార్యాలయానికి ఫోన్ చేసి "వచ్చిందా?" అని అడిగింది.

పంతొమ్మిదో రోజున వచ్చింది. వెంకట్రాములు తానే దాన్ని గోడకు అంటించి, వరుసలో ఉన్నవాళ్లకు వినబడేలా చదివాడు. రిజిస్టర్ తెరిచి మొదటి పేరు విజయమ్మదే రాశాడు. మాసయ్య సంచి పట్టుకున్నాడు. "అవ్వా, నాకు కూడ మనసు నిమ్మలమైంది. ఇన్నొద్దులు నిన్ను వాపస్ పంపుడు నాకు మంచిగనిపియ్యలే" అన్నాడు డీలర్, తూకం వేస్తూ. విజయమ్మ తల ఊపి, బియ్యం ఇంట్లో పెట్టి, వెంటనే పక్క ఊరికి నడిచింది. అక్కడి దుకాణంలో ఉత్తర్వు అంటించారో లేదో చూడాలని.

తరువాతి నెలలో కొల్లాపూర్ కాలేజీవాళ్లు నవనీతను మళ్లీ పిలిచారు. డిగ్రీ చదివే అఖిల అనే అమ్మాయి లేచి, "మేడం, మీరు ఇప్పటిదాక సభల ఎన్నిసార్లు మాట్లాడిన్రు?" అని అడిగింది.

నవనీత మైకు దగ్గరికి జరిగింది.

"మీరు కిందటిసారి పిలిచినప్పుడైతే ఆ లెక్క గొప్పగా చెప్పేదాన్నమ్మా. గుండ్లగడ్డలో విజయమ్మ అని నాకొక గురువు దొరికింది. ఆమె దగ్గర నేర్చుకున్నది మీకు చెప్తాను. మీ ప్రతినిధి ఎన్నిసార్లు మాట్లాడిందని అడగకండి. మాట్లాడిన మాట ఎవరి గడపకు చేరిందని అడగండి. చేరకపోతే నిలదీయండి. చట్టాన్ని సభ పుట్టిస్తుంది, దాన్ని బతికించేది అడిగే జనమే."