ఎర్ర మాట మీద కుంకుమ

నేను ఒక డ్రైవింగ్ లైసెన్సును. అమెరికాలో ఒక రాష్ట్రం నన్ను జారీ చేసింది. ఆ రాష్ట్రం పేరు నా మీద అచ్చయి ఉంది, కానీ ఇక్కడ చెప్పను. చెబితే ఇబ్బంది నాకు కాదు, నన్ను మోసిన మనిషికి.

నన్ను తయారు చేసిన గదికి కిటికీలు లేవు. ఒక ప్లాస్టిక్ షీటు మీద వరసగా మమ్మల్ని అచ్చు వేసి, తర్వాత విడివిడిగా కోశారు. నా పక్కన ఒక బేకరీ యజమాని కార్డు, ఇటు పక్కన ఒక రిటైరైన టీచరమ్మ కార్డు. ముగ్గురిదీ ఒకే ప్లాస్టిక్. వాళ్ల గడువు ఎనిమిదేళ్లు. నా గడువు నా యజమాని వీసా ముగిసే రోజు. ఇంకొక తేడా కూడా ఉంది. నా పై మూలలో, ఫొటోకి కాస్త ఎగువన, ఉబ్బెత్తు అక్షరాలతో ఎర్రగా ఒక మాట ఉంది: 'టెంపరరీ'.

అంతకు ముందు ఆ సంగతి ఆఫీసు కంప్యూటర్‌లో మాత్రమే ఉండేదట. ఆ ఏడాది రాష్ట్ర చట్టసభ కొత్త నిబంధన తెచ్చింది. పౌరులు కానివాళ్ల కార్డు మీద ఆ సంగతి పైకి కనిపించాలి. కంప్యూటర్‌లో ఉన్నది పోలీసుకు సరిపోతుంది. కార్డు మీద ఎందుకంటే, కంప్యూటర్ లేనివాళ్లు కూడా చూడాలి కాబట్టి.

నన్ను పోస్టు డబ్బాలోంచి తీసిన మనిషి పేరు హైమవతి. ఊరు విజయవాడ. ఫిజియోథెరపిస్టు. కీళ్లు మార్చిన వృద్ధుల ఇళ్లకు కారులో వెళ్లి, వాళ్ల చేత నడక ప్రాక్టీసు చేయిస్తుంది. ఊళ్లో బస్సు లేదు. నేను లేకపోతే ఆమెకు పని లేదు, పని లేకపోతే వీసా లేదు. భర్త కోదండపాణి విజయవాడలో ఉన్నాడు. పెళ్లై నాలుగేళ్లు, కలిసి ఉన్నది కొన్ని నెలలు. అతని వీసా ఇంటర్వ్యూకి తేదీ వచ్చింది. "ఆలోగా మీ మీద చిన్న కేసు కూడా ఉండకూడదు" అని కంపెనీ లాయరు ఆమెకు రెండుసార్లు చెప్పాడు.

ఆమెతో కలిసి అపార్ట్‌మెంటులో ఉండేది నస్రీన్. కడప మనిషి, అదే ఉద్యోగం, హైమ కన్నా పెద్దది. నస్రీన్ నన్ను తిప్పి చూసి నవ్వింది.

"మా జేజినాయన మందలో గొర్రెలకు ఇట్టనే వీపు మీద రంగు పూస్తా ఉన్న్యాడు మ్మే. పక్కోని మందలో కలిసిపోకుండా."

"నీది చూపించక్కా. నీ దాని మీద లేదే?"

"నాది పాతది. దాని గడువు తీరినాక నాకూ పూస్తారులే. గొర్రెకైతే తన వీపు మీద ఏముందో తెలీదు. మనకు చదువొచ్చు, అదీ మన ఖర్మ."

హైమ నవ్వలేదు.

కొత్త వస్తువును పూజలో పెట్టాకే వాడాలని ఆమె నియమం. కానీ ఆ వారం బ్యాంకు పని పడి, నన్ను ముందే బయటికి తీయాల్సి వచ్చింది. ఇక్కడ ఎక్కడైనా గుర్తింపు కార్డు నేనే. కౌంటర్లో అమ్మాయి నన్ను అందుకుంది. ఆమె చూపు ముందు నా మూలకు వెళ్లింది, తర్వాత హైమ మొహానికి, ఆ తర్వాతే పేరుకి. లోపలికి వెళ్లి ఎవరినో అడిగి వచ్చింది. మందుల షాపులోనూ అదే వరస. మూల, మొహం, పేరు. మందుల షాపులో వెనక నిలబడ్డ ఒకాయన కూడా మెడ చాచి చూశాడు. హైమ ఆ రోజు మందులు తీసుకుని, చిల్లర మరిచిపోయి వచ్చింది.

శుక్రవారం ఉదయం నన్ను దుర్గమ్మ పటం ముందు పెట్టింది. వాళ్ల వైపు శుభలేఖకు నాలుగు మూలలా పసుపు రాస్తారు. కొత్త తాళాలకూ, ఫ్రిజ్‌కూ బొట్టు పెడతారు. ఆమె దీపపు కుందిలో వేలు ముంచి, ఆ నూనెతో పసుపు తడిపి నా నాలుగు మూలలా రాసింది. తర్వాత కుంకుమ. మొదట పెట్టింది పై మూలలో. ఉబ్బెత్తు అక్షరాల సందుల్లో కుంకుమ కూరుకుపోయింది. ఎరుపు మీద ఎరుపు. సాయంత్రం టిష్యూతో పైపైన తుడిచింది. పసుపు మూడు మూలల్లో మరకగా మిగిలింది. నాలుగో మూలలో మాట లేదు, ఒక ఎర్ర మచ్చ ఉంది.

మరుసటి వారం మందుల షాపులో కౌంటరు దగ్గర అదే ఆవిడ నన్ను అందుకుంది. మూల చూసింది, మచ్చ చూసింది, పేరు చదివి మందులిచ్చింది. హైమ ఆమెతో వాన గురించి మాట్లాడింది. చిల్లర లెక్క చూసుకుని తీసుకుంది.

తర్వాతి శుక్రవారం మళ్లీ నూనె వేలితోనే బొట్టు పెట్టింది. ఆ తర్వాతి శుక్రవారం కూడా. ఈసారి మిగతా మూడు మూలలూ ముట్టుకోలేదు.

"రోజూ వాడే వస్తువుకి వారం వారం పూజేందిమే?" అంది నస్రీన్.

"ఉండనీ అక్కా, అమ్మవారి బొట్టు."

"అమ్మవారికి ఆ మూలే నచ్చిందా?"

మొదటి శుక్రవారం అది పూజ, నాకు తెలుసు. తర్వాతి శుక్రవారాల సంగతి నేను చెప్పలేను. ఆమెను అడిగినా చెప్పగలిగేది కాదనుకుంటాను.

ఒక ఉదయం, తుంటి ఎముక మార్చిన రైతు ఒకాయన ఇంటికి వెళ్తుంటే వెనక పోలీసు కారు లైట్లు వెలిగాయి. హైమ రోడ్డు పక్కన ఆపింది. రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టింది. కొత్తగా వచ్చినవాళ్లకు ఇక్కడ మొదట నేర్పేది అదే. వచ్చిన ఆఫీసరు బ్యాడ్జి మీద ప్రూయిట్ అని ఉంది. వయసులో ఉన్నవాడు, మర్యాదగానే మాట్లాడాడు.

"బ్రేకు లైటు ఒకటి వెలగడం లేదు మేడమ్. లైసెన్సు ఇవ్వండి."

నన్ను అందుకున్నాడు. బొటనవేలు మూల మీద పడింది. వేలు తీసి చూసుకున్నాడు.

"ఇది రక్తమా?"

"కాదు సర్. పొడి."

"ఏం పొడి?"

పొడి అంటే పోలీసు చెవికి మత్తుమందు. ఆ మాట అనకుండా ఉండాల్సిందని ఆమెకు అప్పుడు తెలిసింది. "పూజకు వాడతాం సర్. పసుపుతో చేస్తారు. నుదుట పెట్టుకుంటాం. చూడండి" అని తన నుదురు చూపించింది.

అతను నుదురు చూశాడు, నన్ను చూశాడు. "కార్లోనే ఉండండి" అని నన్ను తీసుకుని వెళ్లిపోయాడు.

నన్ను తన కారులో కంప్యూటర్ పక్కన పెట్టాడు. నా నంబరు కొట్టాడు. తెర మీద హైమ ఫొటో వచ్చింది, పుట్టిన తేదీ వచ్చింది, ఏ మాటను కుంకుమ కప్పిందో ఆ మాట కూడా వచ్చింది. అయినా అతను రేడియో తీశాడు.

"కార్డు మీద స్టేటస్ కనబడటం లేదు సార్."

"తెర మీద ఉందా?" అని అవతలి గొంతు.

"ఉంది."

"గీకిందా, పూసిందా?"

"అదే తెలియడం లేదు. మతానికి సంబంధించిందని చెబుతోంది."

రేడియో గరగరమంది. తర్వాత ఆ గొంతు అంది: "గీకితే ప్రభుత్వ కార్డు పాడుచేసినట్టు, తీసుకొచ్చెయ్. పూస్తే తుడిపించు. మాట పూర్తిగా కనిపిస్తే వదిలెయ్. ఆమె చేతే తుడిపించు, నువ్వు ముట్టుకోకు. రేపు కోర్టులో నువ్వే చెరిపావంటారు."

నేను భయపడ్డాను. అన్ని వారాల నూనె కింద, అన్నిసార్లు టిష్యూ రాపిడి కింద ఆ అక్షరాల రంగు మిగిలిందో లేదో నాకే తెలియదు. నా మూలలో ఏముందో నేను చూసుకోలేను.

ప్రూయిట్ నన్నూ, ఒక తడి టిష్యూనూ కిటికీలోంచి ఆమెకిచ్చాడు.

"తుడవండి మేడమ్. మాట మొత్తం కనబడాలి. గోరు తగలనీయకండి."

హైమ టిష్యూ పట్టుకుంది, తుడవలేదు. పటం ముందు పెట్టిన కుంకుమ. ఇంకా పెళ్లి ఫొటో ఆల్బమ్ కూడా చేయించుకోని మనిషి. భర్త అంత దూరంలో ఉన్నాడు. తన చేత్తో కుంకుమ తుడవమంటే ఏమిటో ఆ కుర్రాడికి ఏ భాషలో చెప్పాలి?

"మేడమ్, ఎందుకు ఆగారు?"

ఆ గొంతులో మార్పు ఆమె విన్నది. నేనూ విన్నాను. అతని చెయ్యి నడుము దగ్గరికి వెళ్లి అక్కడే ఉంది.

ఆమె తుడవడం మొదలుపెట్టింది. టిష్యూ ఎర్రబడింది. మొదటి అక్షరం బయటపడింది, తర్వాత పక్కది. మధ్యలో ఒకచోట కుంకుమ గట్టిపడి కదల్లేదు. ఆమె పెదవులు కదులుతున్నాయి. ఏ మాట కనబడకూడదని ఇన్ని శుక్రవారాలు కప్పిందో, ఆ మాట ఉండాలి తల్లీ, ఉండాలి తల్లీ అని ఇప్పుడు అదే అమ్మవారికి మొక్కుతోంది.

చివరి అక్షరం సగం వచ్చి ఆగింది. ప్రూయిట్ కిటికీలోంచి వంగాడు. ఆమె టిష్యూ మడత మార్చి మళ్లీ తుడిచింది.

వచ్చింది. రంగు కాస్త వెలిసింది, కానీ ఉంది.

"టెంపరరీ" అని అతను పైకి చదివాడు. "సరే. ఇలాగే ఉంచండి. బ్రేకు లైటు బాగు చేయించుకోండి."

"థాంక్యూ సర్" అంది హైమ. ఆ మాట బయటపడ్డందుకు ఆమె థాంక్స్ చెప్పడం నేను విన్నాను.

అతను వెళ్లిపోయాక ఆమె అద్దం కిందికి వంచి తన నుదుటి బొట్టు ఉందో లేదో చూసుకుంది. ఉంది. అయినా వేలితో తాకి చూసుకుంది. ఫోను తీసి భర్త పాణికి చేసింది.

"ఏంటి హైమా, డ్యూటీకి వెళ్లలేదా?"

"వెళ్తున్నా. మీరు బాగున్నారా?"

"బాగుండక? పునుగులు తింటున్నా. ఏమైంది?"

"ఏం కాలేదు. ఊరికే. నిదానంగా తినండి, వేడిగా ఉంటాయి."

"పునుగులు వేడిగా కాక చల్లగా తింటారా? నీకేమైందే?"

ఆమె నవ్వింది, ఫోను పెట్టేసింది. ఆ ఎర్రటి టిష్యూను చెత్తలో వేయలేదు. రైతు ఇంటి ముందు గులాబీ మొక్క మొదట్లో పాతింది.

ఆ రోజు సంగతి పాణికి ఎప్పుడూ చెప్పలేదు. ఇంటర్వ్యూ అయింది, వీసా వచ్చింది, అతను వచ్చాడు. ఆ తర్వాత కూడా చెప్పలేదు. నన్ను ఎవరికిచ్చినా మూల మీద వేలు పడకుండా పట్టుకుని ఇచ్చేది. అడగని వాళ్లకు కూడా ఆ మూల ముందు కనిపించేలా ఇచ్చేది. నస్రీన్ కార్డు గడువు తీరి కొత్తది వచ్చినప్పుడు, "నాకూ పూసినారు మ్మే" అని చూపించింది. ఈసారి ఆమె కూడా నవ్వలేదు.

నా గడువు తీరింది. వీసా పొడిగించారు కాబట్టి హైమకు కొత్త కార్డు వచ్చింది. పాణికి మొదటి కార్డూ అదే రోజు వచ్చింది. రెంటి మీదా ఎర్ర మాట ఉంది. పాత కార్డును కత్తిరించి పారేయమని కవరులో కాగితం పెట్టారు. ఆమె కత్తెర తెచ్చింది, నా పై మూల చూసింది, కత్తెర పక్కన పెట్టేసింది.

పాణి స్నానం చేసి వచ్చి, "కుంకుమ భరిణె ఏది? కొత్త లైసెన్సులకి బొట్టు పెట్టొద్దూ?" అన్నాడు.

"వాటి మీద వద్దు."

"ఎందుకు?"

"మరక పడుతుంది."

"మీ ఇంట్లో మిక్సీకి కూడా పెడతారు. లైసెన్సుకి మరకేంటి?"

ఆమె రెండు కార్డుల మీదా అరచెయ్యి ఆనించి ఉంచింది. అతను ఆమె మొహం చూసి, భరిణె తనే వెతికి తెచ్చుకున్నాడు. బల్ల మీద నేను కనబడ్డాను.

"పోనీ, ఇది చెల్లదు కదా. దీనికి పెడితే ఎవరికేం?" అని వేలు ముంచి, పై మూలలో బొట్టు పెట్టాడు.

మాట పోయింది. దాన్ని తుడవడానికి హైమ చెయ్యి పైకి లేచింది. ఎదురుగా భర్త నిలబడి ఉన్నాడు. అతను పెట్టిన కుంకుమ. చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది.

నేను ఇప్పుడు ఆ బొట్టుతోనే దుర్గమ్మ పటం వెనక ఉన్నాను. నన్ను ఇక ఎవరూ అడగరు, ఏ ఆఫీసూ నన్ను గుర్తించదు. అయినా బయట కారు ఆగిన చప్పుడైతే ఆమె ముందు పటం వైపు చూస్తుంది. ఆ తర్వాతే తలుపు వైపు.