నీళ్లు తాగే పడవ

సిల్వి ఏ మాటైనా ఒక్కసారే చెబుతుంది. ఈసారి కాఫీ కప్పు బల్ల మీద టక్కున పెట్టి మరీ చెప్పింది.

"ఇదిగో కౌకో, నడివేసవి పండుగనాడు నేను హాయిగా ఆరుబయట కూర్చుని ఒక కప్పు కాఫీ తాగాలి. ఒక్క దోమ కుట్టకూడదు. కుట్టిందో, ఈ ఇల్లు అమ్మేద్దాం. ఊలు పట్నంలో అద్దాల బాల్కనీ ఉన్న ఫ్లాటు చూసుకుందాం."

సరస్సు ఒడ్డున ఈ వేసవి ఇల్లు ఆమె మొగుడు కౌకో వాళ్ల నాన్న కట్టింది. పక్కన ఆవిరిస్నానాల గది సౌనా, రేవు దగ్గర పాత చెక్క పడవ, అన్నీ ఆయన చేతివే. బాల్కనీలో కూర్చుని ఎదుటి బాల్కనీలో ముసలాడి మొహం చూస్తూ గడపడం కౌకో లెక్కలో బతుకే కాదు.

నడుం బిగించాడు. ముందు దోమలు వాలకుండా ఒంటికి పైన్ చెట్టు తారు పూసుకున్నాడు. "కొత్తగా వేసిన రోడ్డుతో కాపురం చేస్తున్నట్టుంది," అని సిల్వి మంచం మార్చేసింది. తర్వాత బకెట్లో పచ్చి కొమ్మలు వేసి పొగ పెట్టాడు. దోమలు దగ్గలేదు గానీ సిల్వి దగ్గింది. ఆపైన దోమల్ని చంపే నీలం దీపం యంత్రం తెచ్చి చెట్టుకు వేలాడదీస్తే, పాపం, అమాయకపు రెక్కల పురుగులన్నీ అందులో పడి చచ్చాయి. దోమలు మాత్రం కౌకో చెవి మీదే సభ పెట్టాయి.

"ఇదంతా ఆ హెల్మి పనే," అన్నాడు చివరికి.

హెల్మి పక్కింటి ముసలావిడ. మెట్ల మీద పొట్టి చేతుల జాకెట్టుతో కూర్చుని బంగాళదుంపలు చెక్కు తీస్తుంది. దోమని కొట్టడానికి ఒంటి మీద ఒక్క దెబ్బ వేసుకోదు. చూరు కింద మాత్రం రెండు వాననీటి పీపాలు!

"వాటిల్లో పుట్టించి మన మీదకి తోలుతోంది," అన్నాడు కౌకో.

"అయితే వెళ్లి అడుగు."

"అడగడమా? మనిషితో మాట్లాడమంటావా?"

హెల్మికి, కౌకోకి మధ్య సంబంధం చాలా మర్యాదైనది. వేసవి మొదట్లో ఒకసారి తల ఊపుకుంటారు, చివర్లో ఇంకోసారి. మధ్యలో నోరు విప్పడం కంటే పొదల్లో పాకడమే కౌకోకి తేలిక. అలాగే పాకాడు. పీపా దాకా చేరి తల పైకెత్తాడు.

"ఏరా కౌకో, వాననీళ్లు కూడా దొంగిలిస్తారా ఎవరైనా?" పైనే నిలబడి ఉంది హెల్మి.

కౌకో నిలబడి మోకాళ్లు దులుపుకున్నాడు. "ఈ రోజు ఎండ బాగుంది," అన్నాడు గంభీరంగా.

"బాగానే ఉందిలే. ఇటు చూడు." పీపాల మీద పాత కిటికీ పరదా బిగించి తాడుతో కట్టి ఉంది. ఖాళీ బకెట్లన్నీ బోర్లించి ఉన్నాయి. "నా ఇంట్లో దోమకి గుడ్డు పెట్టే చోటు లేదబ్బాయ్. నీ పడవలో ఏం పెంచుతున్నావో చూసుకున్నావా?"

శీతాకాలంలో ఒడ్డుకి లాగిన పడవ చెక్కలు ఎండి బీటలు వారతాయి. వసంతంలో పడవ నిండా నీళ్లు పోస్తే ఉబ్బి మూసుకుంటాయి. అందరూ నాలుగు రోజులు పోసి పడవని సరస్సులోకి దించేస్తారు. కౌకో మంచు కరిగినప్పటి నుంచీ పోస్తూనే ఉన్నాడు. రోజూ కాస్త తగ్గితే, "పడవ తాగుతోంది, తాగనీ," అని మురిసిపోతూ మళ్లీ నింపుతున్నాడు. నాన్న పోయాక దాన్ని నీటిలోకి దించే ధైర్యం అతనికి ఏ ఏడాదీ రాలేదు. ఆకులు పడకుండా టార్పాలిన్ కూడా కప్పాడు.

హెల్మి వచ్చి కర్రతో ఆ టార్పాలిన్ ఎత్తింది. లోపల నీళ్లు కావు, ఒకటే దోమ పిల్లపురుగుల బుడబుడ. పైనుంచి దోమల గుంపు గుయ్యిమని లేచింది.

తమ ఇంటి మెట్ల మీద నుంచి సిల్వి చూసింది. "ఏమయ్యా! నన్ను పీక్కుతింటున్న వాటికి పురుడు పోసింది నువ్వా?"

కౌకో పడవ అడుగు బిరడా లాగేశాడు. కానీ అప్పటికే ఎగిరిపోయినవి ఎగిరిపోయాయి. పండుగనాడు సాయంత్రం కూడా పెరడంతా వాటిదే రాజ్యం. సిల్వి ఖాళీ కప్పు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. కౌకోకి ఏడుపొక్కటే తక్కువ. సరస్సు వైపు చూశాడు. గాలి తగిలే నడి నీటి మీదికి దోమ రాదు.

"కాఫీ ఫ్లాస్కు తెచ్చుకో," అన్నాడు. బిరడా మళ్లీ బిగించి పడవ నీటిలోకి నెట్టాడు.

సరస్సు మధ్యకి వెళ్లేసరికి చెప్పులు తడిశాయి. పడవ అన్నాళ్లూ నీళ్లు తాగలేదు, కారింది. అడుగు చెక్క ఒకటి చక్కగా కుళ్లిపోయింది. కౌకో తెడ్లు వదిలేసి, సౌనాలో వాడే చెంబుతో నీళ్లు తోడడం మొదలుపెట్టాడు. సిల్వి మడమలు మునిగాయి. ఆమె కాళ్లు పైకి పెట్టుకుని నింపాదిగా కాఫీ తాగుతోంది.

"నాన్న పడవని నేనే కుళ్లబెట్టాను సిల్వీ," అన్నాడు కౌకో రొప్పుతూ.

సిల్వి చివరి గుక్క తాగింది. చేతులు ఇటూ అటూ తిప్పి చూసుకుంది. ఎక్కడా ఒక్క దద్దురు లేదు. కప్పు నీళ్లలో ముంచి తనూ తోడడం మొదలుపెట్టింది.

"వచ్చే ఏడాది ఇంతకంటే పెద్ద చెంబు తెచ్చుకోవాలి," అంది.