లోపల మిగిలిన గాలి

...అయినా పంపు మీటరు ముల్లు గీత దగ్గరికి వచ్చిందిగా, అని భీమశంకరరావు మళ్ళీ తనకి తానే చెప్పుకున్నాడు. వచ్చింది, నిజమే. వచ్చాక గంటసేపు అక్కడే నిలవాలి. మోటారుకి కొత్తగా చుట్టిన రాగితీగల సందుల్లోని గాలంతా పంపు లాగేశాకే ట్యాంకులోకి వార్నిష్ వదలాలి. ఆపైన ఒత్తిడి పెడితే అది లోలోపలికి దిగుతుంది; గాలి మిగిలినచోట దిగదు, అక్కడే తీగ కాలిపోతుంది. ఆ సాయంత్రం గోపాలపట్నం బస్సు తప్పిపోతుందని అతను పావుగంటకే వాల్వు తిప్పేశాడు. ఓవెన్‌లో ఆరి బయటికొచ్చిన మోటారు తళతళలాడింది. పైమెరుపు చూసి లోపల గాలి ఉందని ఎవరు కనిపెడతారు?

స్టీలు ప్లాంటు కడుతున్న రోజులు. మోటార్లు బాగుచేసే ఆ షెడ్డుకి ఊపిరాడని పని. మూడు వారాలకే ఫిషింగ్ హార్బరు ఐసు ఫ్యాక్టరీలో ఆ మోటారు కాలిపోయింది. తీగె చుట్టేటప్పుడు ఒరుసుకుపోయి ఉంటుందని యజమాని గంగాధరరావు దావూద్‌ని అందరిముందూ తిట్టాడు. ఇరవై ఏళ్ళుగా కాయిల్స్ చుడుతున్న దావూద్ ఒక్కమాట ఎదురు చెప్పలేదు. చెప్పి ఉంటే భీమశంకరరావూ నోరు విప్పేవాడు. లేదు, విప్పేవాడు కాదు. తన పిరికితనానికి అతని మౌనం చాటైంది, అంతే.

ఈరోజు టీ వేళకి కూడా దావూద్ చుట్టిన కాయిల్‌నే విప్పి మళ్ళీ చుడుతున్నాడు.

"ఏటి భాయ్, కాయిల్ సుట్టమంటే వల అల్లతన్నావా?" అన్నాడు ఫిట్టర్ అబ్బులు. అందరికంటే ముందు దావూదే నవ్వాడు. భీమశంకరరావూ నవ్వాడు.

దావూద్ కాయిల్ తెచ్చి అతని చేతిలో పెట్టాడు. "బావా, నువ్వోపాలి సూడు. తీగె ఎక్కడైనా గీసుకుందేటి?"

"బానే ఉంది భాయ్."

"నాలుగుసార్లు సూసినాను. నాకు నమ్మకం సాలట్నేదు. ఆ మోటారెలా కాలిపోనాదో నాకే తెల్దు. నా సేతులు పోనాయి బావా. రేపట్నుంచి రాను. మా తమ్ముడి కొట్లో తాళాలు బాగుసేసుకుంతాను."

భీమశంకరరావు వేలితో తడిమాడు. పక్కపక్కనే పేర్చిన తీగల్లో ఎక్కడా ఎగుడుదిగుడు లేదు. ఇంత చక్కగా చుట్టిన చేతుల్ని ఆ మనిషే నమ్మడం మానేశాడు. అతని కళ్ళలోకి చూడబోయి, చూడలేక, భీమశంకరరావు కాయిలూ టీ గ్లాసూ కింద పెట్టి లేచాడు.

"గంగాధరరావు గారూ, ఒక్కసారి బయటికి రండి," అని అందరికీ వినపడేలా పిలిచాడు. "ఐసు ఫ్యాక్టరీ మోటారు పాడుచేసింది నేను."