గ్రీసు దాకా మోసిన కుక్కర్

సూర్యాపేటలో నాకు కర్రీ పాయింట్ ఉంది. తెల్లారకముందే పొయ్యి ముట్టిస్తే రాత్రి దాకా ఆరదు. అలాంటిది షట్టర్ దించి, ఇంటర్‌లో కలిసి చదువుకున్న నలుగురం గ్రీసు దీవులు చూడటానికి బయల్దేరామంటే, నేను కోరుకున్నది ఒకటే. తిరిగొచ్చేదాకా గరిటె పట్టకూడదు. సముద్రం ఒడ్డున కూచుంటే ఎవరో ఒకరు నా ముందు కంచం పెట్టాలి. అందులో గడ్డి ఉన్నా సరే, తింటాను. ఈ మాట ముందే అందరికీ చెప్పాను. అందరూ తలూపారు.

ఎయిర్‌పోర్టులో సౌందర్య నా పెట్టె తెరిపించింది. వాళ్ళది మిర్యాలగూడలో రైస్ మిల్లు. ఏ ఊరెళ్ళినా బియ్యం సంచి లేకుండా కదలదు. ఆ సంచీ, కుక్కరూ, పోపుల డబ్బా అన్నీ నా బట్టల మధ్య కుక్కేసింది.

"నీకైతే ఏది యాడున్నదో ఎరుకుంటది గదనే నాగరాణీ" అంది.

అప్పుడే నాకు అనుమానం రావాలి. రాలేదు.

శాంటోరిని దీవికి లోకమంతా పొద్దు గుంకడం చూడటానికే వస్తుందట. మావాళ్ళూ వెళ్ళారు. నేను అద్దె ఇంటి వంటగదిలో పప్పుకు పోపు వేస్తున్నాను. "నీ చేతి పప్పు పడితే గానీ కడుపు నిండదే" అని మంజుల నా బుగ్గ గిల్లి మరీ వెళ్ళింది. మంజుల కోదాడలో టీచరు, మా ముఠాకు పెద్ద. ఆమె పొగిడితే నేను కరిగిపోతాను, అదే నాకు పట్టిన దరిద్రం. తిరిగొచ్చి ఫోటోలు చూపించారు. సూర్యుడు బాగానే ఉన్నాడు. మర్నాడు పొద్దున బ్రెడ్డు దిగట్లేదన్నారు, ఉప్మా చేశాను. మధ్యాహ్నం చారు కావాలన్నారు, చారు పెట్టాను. నాక్సోస్ దీవికి చేరేసరికి నేను చూసిన గ్రీసంతా ఒక సింకు, ఒక కిటికీ.

అక్కడ సాయంత్రం అన్నం తింటుంటే స్వర్ణ నోరు జారింది. బ్యాంకులో పనిచేస్తుంది, మెత్తని మనిషి, దాపరికం తెలియదు.

"రేపు పదింటికి పడవ. సముద్రంల గుహలు సూపిస్తరంట. ముగ్గురికి టికెట్లు తీసినం."

"ముగ్గురికేంది?" అన్నాను.

మంజుల ముద్ద మింగి, "నీకు పడవ పడదు కదే. వాంతులవుతాయేమోనని..." అంది.

"పడదని ఎవలు జెప్పిండ్రు? సాగర్ల లాంచీ ఎక్కినప్పుడు వాంతి చేసుకున్నది నువ్వు. నీ మూతి కడిగింది నేను!"

"అబ్బ, దానికంత కోపమెందుకు? నువ్వెలాగూ మాకు పులిహోర కలపాలి, సాయంత్రానికి మళ్ళీ ఏదో ఒకటి చూడాలి. ఇంట్లో ఉంటేనే నీకు సుఖం కదా" అంది మంజుల.

"ఇంకొక టికెట్ దొరుకతదేమో అడుగుదమా?" అంది స్వర్ణ.

"నిండిపోయినయంట" అని సౌందర్య పెరుగు కలుపుకుంది.

నా ఒళ్ళు మండిపోయింది. కర్రీ పాయింట్‌లో నా దగ్గర పనిచేసే భూలికి కూడా పండగకు సెలవిస్తాను. లోకంలో విమానం టికెట్ సొంతంగా కొనుక్కుని వచ్చిన వంటమనిషిని నేనొక్కదాన్నే అయి ఉంటాను. లేచి కంచాలన్నీ కడిగేశాను. కడిగిన సంగతి ఆ తర్వాత తెలిసొచ్చి ఇంకా మండింది.

పొద్దున వాళ్ళు లేవకముందే బ్యాగు తగిలించుకుని రేవుకు నడిచాను. నా ఇంగ్లీషు అంతంత మాత్రం. ఒక్కదాన్నే కోదాడ దాటి ఎప్పుడూ బస్సెక్కలేదు. అయినా టికెట్ల కిటికీ దగ్గర "పారోస్" అని, ఎదురుగా కనిపిస్తున్న దీవి వైపు వేలు చూపించాను. లోపలి అమ్మాయి నవ్వి టికెట్ చేతిలో పెట్టింది. వచ్చింది చిన్న పడవ కాదు, మా బస్టాండంత ఓడ. ఎక్కాను. వాంతి కాలేదు.

పై అంతస్తులో కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. నీళ్ళు అంత నీలంగా ఉంటాయని ఫోటోలు చూసినా నమ్మలేదు. ఏడుపొచ్చింది. గాలికి కళ్ళ నీళ్ళనుకుంటారులే అని కరువుతీరా ఏడ్చాను.

అప్పుడు ఫోన్ మోగింది. మంజుల. తెలియని దేశం, లేచి చూస్తే మనిషి లేదు, ఎంత హడలిపోయారో పాపం అనుకున్నాను. కోపం సగం దిగిపోయింది. క్షేమంగానే ఉన్నానని చెబుదామని ఫోన్ ఎత్తాను.

"ఏంటే, పులిహోర కలపలేదా? అవతల పడవ టైమవుతోంది. సౌందర్య కుక్కర్‌లో బియ్యం పోసేసింది. ఇవి కొత్త బియ్యమట. గ్లాసుకి నీళ్ళెన్ని పోయాలి?"

"నేను యాడున్ననో అడగవా మంజులా?"

"ఇక్కడే ఎక్కడో నడవటానికి పోయుంటావులే. ముందు నీళ్ళ సంగతి చెప్పు."

వెనకనుంచి సౌందర్య గొంతు వినిపించింది. "రెండు పోయాల్నా, రెండున్నరనా, జర జల్ది అడుగు!"

కొత్త బియ్యం. ఎసరు లెక్క నా నాలుక చివరి దాకా వచ్చేసింది. ఎంత సిగ్గులేని నాలుక! పళ్ళు బిగబట్టి ఆపుకున్నాను.

"తెల్వదు" అన్నాను.

"నీకు తెలియకపోవటమేంటే!" అని మంజుల అరుస్తూనే ఉంది.

ఫోన్ కట్ చేసి బ్యాగులో పడేశాను. అన్నం సంగతి అడిగినవాళ్ళకు తెలియదని చెప్పడం నా జన్మలో అదే మొదటిసారి. నేనెక్కడున్నానని మాత్రం వాళ్ళలో ఒక్కరూ అడగలేదు.