మింగిన మాట

దర్జీ రోజూ పొద్దున్న పదింటికల్లా దుకాణం మూసేసి, టిఫిన్ క్యారియర్ పట్టుకుని పిల్లల ఆపరేషన్ల వార్డుకి వచ్చేవాడు. వచ్చి నిలబడేవాడు. వార్డు బయట పొడుగాటి బల్ల ఖాళీగా ఉన్నా దానిమీద కూర్చునేవాడు కాదు.

ఆ బల్ల సంగతి అందరికీ తెలిసిందే. కూర్చున్నవాళ్ళు మింగేసిన మాటని పైకి అనేస్తుంది. మొన్న ఒకావిడ కూర్చోగానే "పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు" అంది బల్ల. సిస్టర్ బిస్కెట్లు తెచ్చిచ్చింది. మళ్ళీ ఎవరి పనిలో వాళ్ళు పడ్డారు.

లోపల మంచం మీద ఉన్నది అతని అక్క కొడుకు, నాలుగేళ్ళవాడు. ఒంటేలు వచ్చే రంధ్రం చివర ఉండాల్సింది, వాడికి పుట్టుకతోనే అడుగున ఉంది. డాక్టరమ్మ సరిచేసి సన్నటి గొట్టం పెట్టింది.

"ఏ దారంతో కుట్టారమ్మా?" అనడిగాడు దర్జీ.

"దానంతటదే కరిగిపోయే దారం."

అలాంటిదొకటి ఉందని ముప్పై ఎనిమిదేళ్ళుగా అతనికి ఎవరూ చెప్పలేదు. అతనూ అలాగే పుట్టాడు మరి. "పెద్దయితే అదే సర్దుకుంటుందిలే" అని వాళ్ళమ్మ ఎవరికీ చెప్పకుండా దాచేసింది. అది సర్దుకుంటేగా! ఇతనే సర్దుకున్నాడు. బళ్ళో ఒంటేలికి అందరూ వెళ్ళొచ్చాకే తను వెళ్ళేవాడు. సంబంధం వచ్చిందంటే చాలు, ఏదో ఒక వంక పెట్టేవాడు. ఊరందరికీ పెళ్ళిబట్టలు కుట్టి, ఒక్కడే వండుకుని ఒక్కడే తినేవాడు. పగవాడికి కూడా వద్దు బాబూ ఆ ఒంటరితనం.

ఎనిమిదో రోజు గొట్టం తీశారు. కాసేపటికి బాత్రూంలోంచి కేక.

"మామయ్యా, నిలబడే పోశాను! సూటిగా పడింది!"

దర్జీ చూసుకోకుండా బల్ల మీద కూలబడ్డాడు.

"నాకూ ఇంతే," అంది బల్ల, అచ్చం అతని గొంతుతో. "నన్నెవరూ తీసుకురాలేదు."

అక్క తువ్వాలు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. "ఒరేయ్, సంబంధాలన్నీ వద్దన్నది ఇందుకా? నేనేమో నీకు పొగరనుకున్నానురా!"

డాక్టరమ్మ రాస్తున్న కాగితం మీంచి తల ఎత్తింది. "పెద్దవాళ్ళకి కింది అంతస్తులో చేస్తారు. మానడానికి కాస్త ఎక్కువ రోజులు పడుతుంది. సోమవారం వస్తారా?"

దర్జీ కళ్ళు తుడుచుకుంటూ తలూపాడు.

"దగ్గర ఎవరుంటారు?" ఫారం తీస్తూ అడిగింది సిస్టర్.

అక్క వచ్చి బల్ల మీద అతని పక్కన కూర్చుంది.

"నేనుంటాను, రాసుకోండి."

ఆ మాట బల్ల అన్నది కాదు, అక్కే అంది.