అన్నీ ఒకే రంగు తలుపులు

కొత్తగూడలో లేస్తున్న అపార్టుమెంటులో కిటికీ చట్రానికి రెండో పూత ముగించి, బాలనర్సయ్య కుంచెను కిరసనాయిలులో ముంచి సైకిలెక్కాడు. గోళ్ల సందుల్లో తెల్ల రంగు ఇంకా ఆరలేదు. రోజూ మధ్యాహ్నం ఇంటికి పోయి భార్య కిష్టమ్మకు అన్నం తినిపించి రావాలి.

ఇల్లంటే శివశంకర్ కిరాయికిచ్చే వరస గదుల్లో ఒకటి. తలుపులన్నీ గోధుమ రంగే. చివరిది పాయఖానా, దానికీ అదే రంగు. మాదాపూర్ వైపు వాళ్ల మట్టి ఇల్లు కొత్త రోడ్డు కింద పోయాక ఇక్కడ చేరారు. అప్పటికే కిష్టమ్మకు మతి తప్పుతోంది. అయినా ఆ ఇంట్లో ఆమె కాళ్లే దారి పట్టేవి. ఇక్కడ తన గది ఏదో తెలియక ఎవరింట్లోనో దూరేది. పాయఖానా దొరక్క వాకిట్లోనే కూర్చునేది. రెండు తలుపులకు వేరే రంగు వేసుకుంటానని అతను ఎంత బతిమాలినా శివశంకర్‌ది ఒకటే మాట: "లైన్ ఖరాబైతది."

ఈరోజు వచ్చేసరికి కిష్టమ్మను మంచం కోడుకు నైలాన్ తాడుతో కట్టేసి ఉంది. చీర తడిసిపోయింది. మణికట్టు చుట్టూ ఎర్రగా కమిలింది.

"ఎవలు కట్టిండ్రు?"

పక్కగది సాయమ్మ తల దించుకుంది. "ఓనరే కట్టుమన్నడన్నా. మా వంటింట్లకొచ్చి కూసున్నది, పిల్లలు జడుసుకున్నరు."

"బర్రెను కట్టినట్టు కడ్తరా?"

కిష్టమ్మ అతని మొహంలోకి చూసి, "నన్ను ఇంటికి తోల్కపో" అంది.

ఆమె ఒళ్లు కడిగి పొడి చీర చుట్టాడు. పనికి తిరిగి పోలేదు. మంచం కింది పాత రంగు డబ్బాలు, కుంచె బయటికి ఈడ్చి, అందరూ చూస్తుండగా తన తలుపుకు నిండు పసుపు రంగు కొట్టాడు, ఒకప్పుడు ఆమె ఆ మట్టి ఇంటి గడపకు పూసుకున్న పసుపులా. దాని మీద ఎర్ర బొట్లు పెట్టాడు. పాయఖానా తలుపుకు నీలం వేసి, నడుమ తెల్లగా పెద్ద చెంబు గీశాడు.

శివశంకర్ స్కూటర్ దిగుతూనే అరిచాడు. "ఏందిది నర్సయ్యా? పాత రంగే ఎయ్, లేకుంటే ఖాళీ చెయ్!"

"గా తాడు తీస్కపో. పోయి మీ అమ్మను కట్టు. అటెన్క నాతోని మాట్లాడు." బాలనర్సయ్య కుంచె దించలేదు.

"రేపు నీ సంగతి చూస్త" అంటూ శివశంకర్ స్కూటర్ తిప్పుకున్నాడు.

పొద్దు వాలుతుండగా కిష్టమ్మ లేచింది. గోడ పట్టుకుని నడిచి, చెంబు బొమ్మ దగ్గర ఆగి, తలుపు తోసింది. తిరిగొస్తూ పసుపు తలుపు ముందు నిలబడి బొట్టును తాకింది. వేలికి తడి రంగు అంటింది.

"మన ఇల్లే" అంది.

"అవ్, మనదే." ఇంత చిన్న పనికి ఇన్నాళ్లు ఎందుకు అడుక్కున్నట్టు?

హోటల్ నుంచి చాయ్ తెచ్చేసరికి ఆమె గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పిలిచాడు. భుజం తట్టాడు. చాలాసేపటికి గానీ గ్లాసు కింద పెట్టాలని తోచలేదు.

కిష్టమ్మ దినాలు కాకముందే శివశంకర్ మనిషిని పంపి ఆ రెండు తలుపులకూ గోధుమ రంగు కొట్టించాడు. బాలనర్సయ్య సామాను సైకిలుకు కట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయాడు. గడప దగ్గర ఆమె రబ్బరు చెప్పులు మిగిలాయి, ఎడమది కుడిపక్కన, కుడిది ఎడమపక్కన, రెండూ ఇంట్లోకి తిరిగి.